ఆగబోయే చక్రం మీద చెయ్యి

నూట రెండు, చుక్క, నాలుగు. జ్వరం చూసే పుల్ల కీచుమనగానే ముసలాయన దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఒకసారి, నుదుటి మీదికి తోసి ఒకసారి చూశాడు. రెండుసార్లూ అదే అంకె. మూడో తరగతితో ఆగిపోయిన చదువులో ఆయనకి మిగిలినవి అంకెలే, అక్షరాలు వాడకం లేక ఎప్పుడో తుప్పు పట్టిపోయాయి. అరగంట కిందట ఇదే పుల్ల వంద దగ్గర ఆగింది, అరగంటలో రెండు మెట్లు దాటి పైకి పోయింది, కొందరు పిల్లలకి జ్వరం గబగబా ఎక్కేటప్పుడే వస్తుంది అని కదా డాక్టరమ్మ చెప్పింది, ఎంతయితే గబగబా అన్నట్టో మాత్రం చెప్పలేదు, ఆయనా అడగలేదు, అడిగే అలవాటు ఉంటే కదా. మనవరాలు నేల మీద పరిచిన పరుపులో వెల్లకిలా పడుకుని ఉంది, రెండేళ్ళ మూడు నెలల పిల్ల, ఒక్కచోట నిలవదని అందరూ మిడత అంటారు, ఇవాళ ఆ మిడత రెక్కలు ముడుచుకుంది. చెంపలు ఎర్రగా కాలిన ఇటుకల్లా ఉన్నాయి. ఎదురు గోడ మీద గడియారం మూడూ ఏడు నిమిషాలు చూపిస్తోంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కోడలి షిఫ్టు నాలుగింటికి అవుతుంది, బస్సు దొరికితే నాలుగూ ఇరవైకి ఇంట్లో ఉంటుంది, దొరక్కపోతే దేవుడెరుగు. కొడుకు లారీ మీద రెండు రోజుల దూరంలో ఉన్నాడు. అంతసేపూ ఇంట్లో ఉన్నది ఆయనా, పిల్లా, ఆయన చేతులూ. నిజం చెప్పాలంటే జ్వరమంటే ఆయనకి అంత భయం లేదు, జ్వరం వెనకాల వచ్చేదంటే భయం, దానికన్నా, అది వచ్చినప్పుడు ఈ రెండు చేతులూ మళ్ళీ ఏం చేసిపెడతాయో అని ఎక్కువ భయం.

చెప్పిన మాట వినే చేతులు కావవి. నలభై ఏళ్ళ పైన పంపులూ మోటార్లూ బాగుచేసే షెడ్డులో వైసు ముందు నిలబడ్డ చేతులు. వైసంటే బల్లకి బిగించిన ఇనుప దవడలు, ఎంతటి మొండి ముక్కనైనా ఆ దవడల మధ్య పెట్టి పిడి తిప్పితే కిక్కురుమనకుండా పడుంటుంది, అప్పుడు దాన్ని రాకొచ్చు, కొయ్యొచ్చు, మన ఇష్టం. పనిలో చేరిన మొదటి రోజు పెద్దమేస్త్రీ చెవి మెలిపెట్టి చెప్పిన పాఠం ఒకటే, కదిలేదాన్ని నమ్మకురా, ముందు బిగించు, తర్వాత బుర్ర పెట్టు. ఆ పాఠం బుర్రలోకి కాదు, తిన్నగా ముంజేతుల్లోకి దిగిపోయింది. అందుకే నాలుగు నెలల కిందట ఆ పొద్దున, మిడత వంటింటి గుమ్మంలో కూర్చుని గిన్నె మీద గరిటెతో వాయిస్తూ వాయిస్తూ గరిటె వదిలేసి, కళ్ళు పైకి తిప్పేసి, కర్రలా బిగుసుకుపోయి, ఆ వెంటనే కాళ్ళూ చేతులూ టకటకా కొట్టుకోవడం మొదలెట్టినప్పుడు, దానికి జ్వరముందని కూడా అప్పటికి ఎవరికీ తెలీదు, ఆయన బుర్ర ఆగిపోయింది గానీ చేతులు ఆగలేదు. పిల్లని మోకాళ్ళ మధ్య ఇరికించి, జబ్బలు రెండూ పట్టి నేలకి అదిమేశాడు. నాలిక కొరుక్కుంటుందని ఎప్పుడో ఎవరో అన్న మాట మెరిసి, తలుపు రాకుతూ పక్కన పెట్టిన ఆకురాయిని తిరగేసి దాని చెక్క పిడిని పళ్ళ మధ్యకి తోశాడు. అది ఎంత కొట్టుకుంటే ఈయన అంత బిగించాడు. కాసేపటికి అది దానంతటదే ఆగింది. తనే ఆపాననుకున్నాడు పిచ్చి ముసలాయన. ఆ గర్వం ఆస్పత్రి గుమ్మం దాకా నిలిచింది.

ఆస్పత్రిలో చిన్న నర్సు గౌను విప్పి, రెండు జబ్బల మీదా నాలుగేసి వేళ్ళ నీలం అచ్చులు చూసి, పై పన్ను అంచు విరిగి ఉండటం చూసి, కోడలి వైపు తిరిగి "ఎవరమ్మా, పసిపిల్లని ఇట్లా కొట్టిన మహానుభావులు?" అంది. తలుపు పక్కన నిలబడ్డ ముసలాయనే "నేను" అన్నాడు. ఆ ఒక్క మాటకి గదిలో ఉన్న నలుగురూ ఆయన చేతుల వైపు చూశారు, ఆయనా చూసుకున్నాడు, ఎవరివో పరాయివాళ్ళ చేతుల్లా ఉన్నాయి. డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. పసిపిల్లల బుర్ర ఇంకా పచ్చి తాతగారూ, జ్వరం వచ్చినప్పుడు కొందరికి ఇలా అవుతుంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా, చూసేవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోతాయి గానీ ఇది పిల్ల ప్రాణానికొచ్చేది కాదు, అంది. ఆయన దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు, కొత్తగా కట్టిన ఇంట్లో సన్నటి వైరు, కరెంటు ఒక్కసారి ఎక్కువొస్తే బల్బులు టపటపా కొట్టుకుంటాయి, కాసేపటికి సర్దుకుంటాయి, ఇల్లు కాలిపోదు. అంతేనా అని అడుగుదామనుకుని అడగలేదు. మళ్ళీ వస్తుందా అని కోడలు అడిగింది. ముగ్గురిలో ఒకరికి మళ్ళీ రావచ్చమ్మా అంది డాక్టరమ్మ. ముగ్గురిలో ఒకరు. ఆ రోజు నుంచి ఆయన ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తే చాలు, వీళ్ళలో ఎవరు, అని చూస్తాడు, చూసి సిగ్గుపడతాడు.

ఆ తర్వాత పెద్ద నర్సమ్మ పట్టుకుంది ఆయన్ని. లావుపాటి మనిషి, నవ్వితే కుర్చీ కూడా నవ్వుతుంది. "ఏం పని చేసేవాళ్ళు పెద్దాయనా?" అంది. "ఫిట్టరు" అన్నాడు. "అనుకున్నా. ఇది బోల్టు కాదు నాయనా, బిగించడానికి!" అని, ఖాళీ మంచం మీద దిండొకటి పెట్టి, ఇదే మీ మనవరాలు, రండి, అంది. పక్కకి తిప్పండి, ఎడమో కుడో మీ ఇష్టం, నోట్లో నురగో వాంతో బయటికి జారిపోవాలి. మెడ దగ్గర బిగుతుగా ఉంటే వదులు చెయ్యండి. చుట్టూ గట్టివేమన్నా ఉంటే జరిపెయ్యండి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చెంచా కాదు, వేలు కాదు, నీళ్ళు కాదు, మందు కాదు. తర్వాత గడియారం చూడండి. ఐదు నిమిషాలైనా ఆగకపోతే అంబులెన్సుకి ఫోను. ముందే ఆగితే మంచిదే, అయినా అదే రోజు తీసుకొచ్చి చూపించాలి. "మరి పట్టుకోవద్దా?" అన్నాడు ఆయన. "వద్దు." "అస్సలు?" "అస్సలు. పక్కన కూర్చోండి, అంతే." అంతే అంటే ఎంత కష్టమో ఆమెకేం తెలుసు, చేతులూపుకుంటూ చూడు అని ఆయనకి జీవితంలో ఎవరూ చెప్పలేదు, పనిలో చేతులు ఖాళీగా కనిపిస్తే పెద్దమేస్త్రీ సుత్తి విసిరేవాడు.

ఇంటికొచ్చాక రోజూ మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక ఆయన దిండుతో అభ్యాసం చేశాడు. పక్కకి తిప్పడం, మెడ వదులు, గడియారం. పక్కకి, వదులు, గడియారం. వంటింట్లో ఉండే గోడ గడియారాన్ని పీకి తెచ్చి ఈ గదిలో మేకు కొట్టాడు, దానికి సెకన్ల ముల్లు ఎర్రగా స్పష్టంగా ఉంటుందని. ఒకరోజు కింద గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ మడతపెట్టిన బట్టలిద్దామని పైకొచ్చి, తలుపు సందులోంచి చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఏం బాబాయ్, మనవరాలు పడుకుంటే దిండుకి జోల పాడుతున్నావా? అదన్నా నీతో మాట్లాడుతోందా, లేక అదీ నీలాగే మూగదా?" ఆయన బట్టలు తీసుకుని తలుపేశాడు. నవ్వనీ. దిండుని పక్కకి తిప్పడం సులువే, దిండు కొట్టుకోదు కదా, దిండు పెదాలు నీలం అవవు కదా. అసలు పరీక్ష వచ్చిన రోజు చేతులు దిండు పాఠం వింటాయా, పెద్దమేస్త్రీ పాఠం వింటాయా.

మూడూ పదిహేను. మందు రెండున్నరకే పోశాడు, సీసా మూతలో గీత దాకా, గీత పైకి ఒక్క చుక్క పోనివ్వకుండా. మందు ఒంటికి సుఖం కోసం తాతగారూ, ఇది దాన్ని ఆపుతుందని మాత్రం అనుకోవద్దు, అని కూడా చెప్పింది డాక్టరమ్మ, ఆ మాట ఆయనకి చాలా రోజులు మింగుడు పడలేదు. మరి దాన్ని ఆపేదేది? ఏదీ లేదు. వస్తే వస్తుంది, రాకపోతే రాదు. గౌను పై గుండీలు విప్పాడు, దుప్పటి నడుం దాకా జార్చాడు, చెంచాతో నీళ్ళు తాగించబోతే రెండు గుక్కలు తాగి మూతి తిప్పేసింది. "తాతా" అంది, కళ్ళు తెరవకుండా. "ఊఁ" అన్నాడు. "తాతా" అంది మళ్ళీ. ఊఁ అంటే చాలని పెద్దవాళ్ళకి అలవాటైపోయింది గానీ పిల్లలకి చాలదు, దానికి మాట కావాలి, ఈయన దగ్గర ఊఁ తప్ప ఏముంది. మెల్లిగా "ఇక్కడే ఉన్నా" అన్నాడు. దాని పెదాల మీద నవ్వులాంటిది ఒకటి వచ్చిపోయింది, విరిగిన పన్ను అంచు తళుక్కుమంది, చెంపదెబ్బ కొట్టినట్టయింది ఆయనకి. కోడలు ఆ పన్ను గురించి ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బరువు. పొద్దున వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి "మావయ్యా, మీకే వదిలి వెళ్తున్నా" అంది, అందులో నమ్మకం ఎంతో, వేరే దారి లేకపోవడం ఎంతో, విడదీసి చూసే ధైర్యం ఆయనకి లేదు.

జ్వరం తగిలిందని తెలియగానే ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. పనివాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు, ఎత్తేది గేటు కాపలా అతను. "జ్వరం. కోడలికి చెప్పు" అన్నాడు. "ఎవరికయ్యా జ్వరం, నీకా, కోడలికా?" "పిల్లకి." "ఏ పిల్ల? ఇక్కడ మూడొందల మంది కోడళ్ళున్నారు, నీ కోడలెవరో నాకు కలలో వచ్చి చెప్తుందా?" ఆయన వరస నంబరు చెప్పాడు, కాలరు కుట్టే వరస, పదిహేడో మిషను. "అదీ. చెప్తాలే, సూపర్వైజరు వదిలితే వస్తుంది, వదలకపోతే గంట కొట్టాకే. ముసలాయనా, ఇంకో మాటేమన్నా ఉందా, లేక అంతేనా?" అంతే. నిజానికి చాలా ఉంది, త్వరగా రమ్మను, నాకు భయంగా ఉంది, నా చేతుల మీద నాకు నమ్మకం లేదు అని చెప్పమని ఉంది, అవన్నీ గేటు కాపలా అతనికెలా చెప్తాడు.

కోడలు తప్పు పట్టదగ్గ మనిషి కాదు. అయితే నాలుగు నెలల కిందటి ఆ పొద్దున తర్వాత ఆమె కూడా ఒక రకంగా బిగుసుకుపోయింది. పక్కవీధి పిల్లల బడికి రెండు నెలలు పోయిన పిల్లని మాన్పించింది. ఉయ్యాల వద్దంది. మెట్లు వద్దంది. డాక్టరమ్మ పంపించొచ్చమ్మా అన్నా, ఆవిడకేం, కన్నది నేను, అంది. నిద్రలో కూడా పిల్ల వీపు మీద చెయ్యి వేసే పడుకుంటుంది, చెయ్యి జరిగితే ఉలిక్కిపడి లేస్తుంది. మిడత కిటికీ చువ్వలు పట్టుకుని కిందికి చూస్తూ, బడికి పోయే పిల్లల్ని చూపించి "నేనూ" అంటుంది. ఆ నేనూ అన్నప్పుడల్లా ఆయన గదిలోంచి లేచి బయటికి పోతాడు. ఎందుకు పోతాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ ముఖం ఆయన ముందే చూశాడు, అరవై ఏళ్ళ కిందట, అలాంటి కిటికీ దగ్గరే, ఆయన చెల్లెలి ముఖం.

చెల్లెలికప్పుడు రెండేళ్ళు, ఆయనకి ఎనిమిది. అలాగే జ్వరం, అలాగే కళ్ళు పైకి, అలాగే టకటకా. అమ్మ ఉన్న దుప్పట్లన్నీ దాని మీద కప్పింది, పొయ్యి దగ్గరికి జరిపింది, నాన్న వీధిలోకి పరుగెత్తి కనపడ్డవాళ్ళనల్లా పిలుచుకొచ్చాడు, ఇంటినిండా జనం, తలా ఒక సలహా, తలా ఒక చెయ్యి. ఆ ఏడే ఇంకోసారి వచ్చింది. వైద్యం తెలుసనే పెద్దమనిషి ఒకాయన చూసి, ఇది మూర్ఛ, నిప్పు దగ్గరికీ నీళ్ళ దగ్గరికీ పోనివ్వద్దు, ఒంటరిగా వదలొద్దు, జన్మంతా ఇంతే, అని చెప్పి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అమ్మానాన్నలిద్దరూ కూలికి పోయేవాళ్ళు. కనిపెట్టుకుని ఉండటానికి ఇంట్లో ఉన్నదెవరు, ఎనిమిదేళ్ళ అన్న, వీడే. అలా మూడో తరగతి పలక గూట్లోకి ఎక్కింది. పాత గుడ్డ చింపి తాడులా పేని, ఒక కొస చెల్లెలి నడుముకీ రెండో కొస వీడి మణికట్టుకీ కట్టి వెళ్ళేది అమ్మ. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో దానికి ఒక్కసారి కూడా రాలేదు. రాకపోవడం మన జాగ్రత్త వల్లే అనుకున్నారు అందరూ, అందుకని జాగ్రత్త ఇంకాస్త పెంచారు. దాని ఏడో ఏట అది ముడి విప్పుకుని వీధి చివరిదాకా పరుగెత్తింది, వీడు వెంటపడి పట్టుకొచ్చి ఈసారి దాని చేతికి అందకుండా వీపు వైపు ముడేశాడు, ముడులు వెయ్యడంలో అప్పటికే ఘనుడు. "అన్నయ్యా, నాకేమీ అవట్లేదు కదా, ఎప్పుడు విప్పుతావు?" అంది. వీడేమన్నాడు? ఊఁ అన్నాడు. పద్నాలుగో ఏట వీడు షెడ్డుకి పోతే తాడు పోయి తలుపు గడియ వచ్చింది. చెల్లెలు పొయ్యి వెలిగించలేదు, వీధి దాటలేదు, పెళ్ళిమాట ఎవరూ ఎత్తలేదు, కిటికీలోంచి చెప్పుల చప్పుడు విని ఎవరు పోతున్నారో చెప్పేది, అదే దాని చదువు. ముప్ఫై ఒకటో ఏట ఊపిరితిత్తులకి నిమ్ము చేరి పోయింది. మూర్ఛతో కాదు. అప్పటికి కొడుకింకా పుట్టలేదు. భార్య కూడా పోయాక చెల్లెలు ఒకతె ఉండేదని తెలిసిన ప్రాణి ఈయనొక్కడే మిగిలాడు.

నాలుగు నెలల కిందట ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆఖరున అన్న మాట, ఐదారేళ్ళొస్తే చాలామందికి ఇది దానంతటదే పోతుంది, ఇది మూర్ఛరోగం కాదు, అందరు పిల్లల్లాగే పెంచండి, అన్న మాట విని కోడలు ఏడ్చింది, కొడుకు డాక్టరమ్మకి రెండు చేతులూ జోడించాడు. ముసలాయన మాత్రం బయటికి నడిచి, వరండా చివర కారుతున్న కుళాయి పక్కన గట్టు మీద కూర్చుండిపోయాడు. దానంతటదే పోతుంది. పోయింది కదా, రెండో ఏటనే పోయింది కదా, మరి ఇరవై తొమ్మిదేళ్ళు మేం కాపలా కాసింది దేన్ని? కుళాయి కారుతుంటే చెయ్యి దానంతటదే లేచి తల బిగించింది, ఇంకా కారింది, ఇంకా బిగించింది, మరతిరిగి చేతిలోకొచ్చింది. కొడుకొచ్చి "ఇక్కడున్నారా నాన్నా, ఎవరి కుళాయో మీకెందుకు" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. ఇంటికొచ్చాక, కోడలు బడి మాన్పించిన రోజు చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చేది, చెప్తే ముడి వేసింది నేనేనని కూడా చెప్పాలి కదా, అక్కడ ఆగిపోయేది.

మూడూ ముప్ఫై నాలుగు. పిల్ల కళ్ళు తెరిచింది. హమ్మయ్య, లేచింది అనుకున్నాడు ఒక్క క్షణం, కానీ ఆ కళ్ళు ఆయన్ని చూడటం లేదు, ఆయన్ని దాటి, గోడని దాటి ఎక్కడికో పోతున్నాయి. మిడతా, అన్నాడు. పలకలేదు. మెడ వెనక్కి విరుచుకుంది, ఒళ్ళంతా ఒక్క బిగువైపోయింది, గొంతులోంచి చిన్న మూలుగు, ఆ తర్వాత మొదలైంది, కుడి చెయ్యి ముందు, తర్వాత రెండోది, తర్వాత కాళ్ళు, టక టక టక. ఎర్ర ముల్లు పన్నెండు దాటి ఒకటి మీద ఉంది. పక్కకి. తిప్పాడు, ఎంత తేలిగ్గా తిరిగిందో. మెడ. గుండీలు ముందే విప్పున్నాయి. నీళ్ళ చెంబు, మందు సీసా దూరంగా నెట్టాడు. గడియారం. అయిపోయింది, చెయ్యాల్సిన పనంతా పది సెకన్లలో అయిపోయింది, ఇక మిగిలింది ఏమీ చెయ్యకపోవడం. ఏమీ చెయ్యకపోవడానికి ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది ఆయనకి. వేళ్ళు వంకర తిరుగుతున్నాయి, అరచేతులు దాని జబ్బల కొలత గుర్తుచేసుకుంటున్నాయి, పట్టు, పట్టు, ముందు బిగించు అంటోంది పెద్దమేస్త్రీ గొంతు. రెండు చేతుల్నీ తొడల కింద తోసి వాటి మీద కూర్చున్నాడు. ఇరవై. దాని పెదాలు నల్లబడుతున్నాయి. ముప్ఫై. నోటి పక్కన నురగ జారి పరుపు మీద పడుతోంది, జారనీ, జారాలనే కదా తిప్పింది. నర్సమ్మా, పక్కన కూర్చోవడం అంతే అన్నావు, వచ్చి కూర్చో చూద్దాం.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ క్షణంలో పెద్దమేస్త్రీదే ఇంకో మాట వచ్చింది. షెడ్డులో పెద్ద మోటారు ఉండేది, మనిషెత్తు చక్రం దానికి. కరెంటు తీసేసినా చక్రం చాలాసేపు తిరిగేది, ఒక్కసారిగా ఆగదు, గరగరలాడుతూ, ఊగుతూ, దాని ఊపు అది తీర్చుకుని ఆగుతుంది. తొందరపడి చెయ్యి అడ్డం పెట్టిన రంగులేసే ఎడమచేతివాటం మనిషికి రెండు వేళ్ళు పోయాయి. ఆ రోజు నెత్తురు కడిగిస్తూ పెద్దమేస్త్రీ అందరినీ నిలబెట్టి అన్నాడు, ఆగిన ముక్కని బిగించండిరా, ఆగబోయే చక్రం మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, దాన్ని ఆగనివ్వాలి. ఇదీ ఆయన పాఠమే. ఇన్నేళ్ళు సగం పాఠమే పట్టుకుని తిరిగాడు. ఇది చక్రం, ముక్క కాదు. ఆగనివ్వాలి. నలభై ఐదు, అన్నాడు పైకి. యాభై. అరవై. తనకి తెలియకుండానే గట్టిగా లెక్కపెడుతున్నాడు, పిల్లకి వినపడుతుందో లేదో గానీ, ఇక్కడే ఉన్నా అని చెప్పడానికి ఆయనకి తెలిసిన భాష అంకెలే.

కిందికి వినపడింది. మూగాయన అరుపులేంటని ఇస్త్రీ ఆవిడ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, గుమ్మంలో చూసి "అయ్యో తల్లీ! బాబాయ్, అట్లా బొమ్మలా కూర్చున్నావేంటి, పట్టుకో! చెంచా ఏది, పళ్ళ మధ్య చెంచా పెట్టు, నాలిక తెగిపోద్ది!" అంటూ రెండు చేతులూ చాచి పిల్ల మీదికి వంగింది. ఆ చేతులు చూస్తే తన చేతులే నడిచి వచ్చినట్టుంది ముసలాయనకి. "ముట్టుకోకు!" అన్నాడు. ఇంట్లో గోడలు కూడా ఆ గొంతు ఎప్పుడూ విని ఉండవు. ఆవిడ చేతులు గాల్లో ఆగిపోయాయి. "చచ్చిపోతుంది బాబాయ్!" "చావదు. చెయ్యి తియ్యి. గడియారం చూడు, ఎర్ర ముల్లు, ఇప్పటికి నిమిషం, ఇంక ఎంతయిందో చెప్పు." ఆవిడ ఏడుస్తూ గడియారం వైపు తిరిగింది. "నిమిషం... నిమిషం ఇరవై... ఓరి దేవుడో, ఈ ముల్లు నడవదేంటి... నిమిషం ముప్ఫై..." ఐదు దాటితే నువ్వు ఫోను చెయ్యాలి, నంబరు గోడ మీద రాసుంది, అన్నాడు. ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు, పెట్టిన చెయ్యి మళ్ళీ తొడ కిందికి పోయింది. రెండు నిమిషాలు. కొట్టుకోవడంలో మధ్యమధ్య ఖాళీలు వస్తున్నాయి, టక, టక, ఆగి, టక. ఊపు తీర్చుకుంటోంది. రెండూ పది. ఆగింది.

గదిలో ముగ్గురున్నారు గానీ ఊపిరి శబ్దం ఒక్కటే వినపడుతోంది, పెద్ద ఊపిరి, గురక లాంటిది, ఇంకోటి, ఇంకోటి. పెదాల నలుపు అంచుల నుంచి వదలడం మొదలెట్టింది. అప్పుడు తీశాడు చేతుల్ని. తిమ్మిరెక్కి ఉన్నాయి. తడిగుడ్డతో నోటి పక్క తుడిచాడు, రెండుసార్లు గురి తప్పి చెంపే తుడిచాడు. పిల్ల సన్నగా ఏడ్చి, ఆయన బొటనవేలు దొరికితే పట్టుకుని, నిద్రలోకి జారిపోయింది. ఇస్త్రీ ఆవిడ గోడకి ఆనుకుని కూలబడి, ముక్కు చీదుకుని, "బాబాయ్, ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ నాతో ఎందుకు తిట్టించుకున్నావయ్యా" అంది, నవ్వో ఏడుపో తెలీకుండా. "బండి పిలువు, ఆస్పత్రికి పోవాలి" అన్నాడు.

బండి వచ్చేలోపే కోడలు వచ్చింది, సూపర్వైజరు వదిలాడో, వదలకుండానే వచ్చేసిందో, మెళ్ళో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పరుపు చూసింది, తడి చూసింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "ఎంతసేపు?" "రెండు నిమిషాల పది సెకన్లు." "పట్టుకున్నారా?" "లేదు." ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల జబ్బలు చూసింది, ఈ వైపు, ఆ వైపు. పెదవి మెల్లిగా ఎత్తి పళ్ళు చూసింది. ఎక్కడా ఏ మచ్చా లేదు. మావయ్య వైపు చూసి తల ఊపింది, ఆ ఊపు చాలు ఆయనకి, నాలుగు నెలల బరువు అందులో దిగిపోయింది. కానీ బండిలో కూర్చున్నాక, పిల్ల ఒళ్ళో నిద్రపోతుంటే, ఆమె కిటికీ అద్దం పైకెత్తి, నెమ్మదిగా, నిర్ణయం అయిపోయిన మనిషిలా మొదలెట్టింది. "ముగ్గురిలో ఒకరు అంటే మనదే అయింది మావయ్యా. ఇంక నేను పనికి పోను. బడీ వద్దు, ఆటలూ వద్దు, దీనికి చదువు రాకపోయినా ఫరవాలేదు. పదేళ్ళొచ్చినా ఇరవై ఏళ్ళొచ్చినా నా కళ్ళ ముందే ఉంటుంది. గుమ్మం దాటనివ్వను."

బండి మలుపు తిరిగింది. ముసలాయన తన చేతుల్ని చూసుకున్నాడు, ఒళ్ళో వెల్లకిలా, ఖాళీగా ఉన్నాయి. ఈ పూట ఇవి బాగానే చేశాయి. ఇక చెయ్యాల్సింది చేతులతో అయ్యే పని కాదు. డాక్టరమ్మ ఎంత చెప్పినా కోడలు వినదు, డాక్టరమ్మ చెప్పేది ముందు జరగబోయేది, ముందుది ఎవరు చూశారు. జరిగిపోయింది చూసినవాడు ఈ బండిలో ఒక్కడే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకో చెల్లెలుండేదమ్మా" అన్నాడు.

కోడలు తల తిప్పి చూసింది. ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళు, ఆ మాట ఎప్పుడూ వినలేదు. అడగకుండా ఆయన మాట మొదలెట్టడం కూడా ఎప్పుడూ వినలేదు.

"దానికీ వచ్చింది, రెండో ఏట. ఇలాగే."

ఆమె చెయ్యి పిల్ల వీపు మీద గట్టిపడింది. "అయ్యో. ఏమైంది మావయ్యా ఆవిడకి?"

"ఏమీ కాలేదు" అన్నాడు. "ఏ జబ్బూ లేదు దానికి. చేసిందంతా మేమే. అదే చెప్తున్నా, విను."